పాసైతే పట్టా వచ్చినట్టేనా? డిగ్రీ లెక్కలపై అపోహలు – వాస్తవాలు

"మావోడు ఫైనలియర్ అయిపోయిండు. ఇంక పట్టా ఎందుకు రాదు?"

నార్కట్‌పల్లి చుట్టుపక్కల ఏ ఊరికి పోయినా వినిపించే ప్రశ్న ఇది. ఫీజు కట్టారు, బస్సు పాసు తీశారు, మూడేళ్లు గడిచాయి. ప్రొవిజనల్ సర్టిఫికెట్ (పీసీ) కోసం పోతే ఇంకా ఏదో మిగిలిందని తెలుస్తుంది. చాలాసార్లు ఆ మిగిలింది ఒక్క పేపరే. ఎప్పుడో మొదటి సెమిస్టర్‌లో పోయి, ఆ తర్వాత మర్చిపోయిన పేపర్. ఉద్యోగ నోటిఫికేషన్ పడ్డాకో, పీజీలో సీటు వచ్చాకో ఇది బయటపడితే ఆ ఇల్లు పడే బాధ చెప్పనలవి కాదు. ముందే చూసుకుంటే తప్పే నష్టం కాబట్టి ఇంకా బాధ.

యూనివర్సిటీ ఏమేం అడుగుతోందో ఒక పక్క, మనం ఏమేం పూర్తి చేశామో ఇంకో పక్క పెట్టి, మిగిలింది ఏమిటో చెప్పే పట్టికను అమెరికా యూనివర్సిటీల్లో 'డిగ్రీ ఆడిట్' అంటారు. అక్కడ చదివేవారికి లాగిన్ అయితే కనిపిస్తుంది. మన దగ్గర ఆ పనిని సెమిస్టర్ మెమోలతో ఎవరికి వారు చేసుకోవచ్చు. నార్కట్‌పల్లి పిల్లలకు రెండు దారులూ పరిచయమే. నల్లగొండ రోడ్డులో అన్నెపర్తి దగ్గర మహాత్మాగాంధీ యూనివర్సిటీ ఉంది. దాని పరిధిలోని కాలేజీల్లో బీఏ, బీకామ్, బీఎస్సీ చదివేవారు కొందరైతే, బీటెక్ చేసి ఎంఎస్ కోసం అమెరికా విమానం ఎక్కేవారు ఇంకొందరు. ఇద్దరినీ ఇబ్బంది పెట్టే అపోహలు ఇవి.

అపోహ 1: మూడేళ్లు చదివి, పరీక్షలన్నీ రాస్తే డిగ్రీ అయిపోయినట్టే.

వాస్తవం: పట్టాకు లెక్క ఏళ్లు కాదు, క్రెడిట్లు. తెలంగాణ డిగ్రీ కాలేజీల్లో 2016-17 నుంచి చాయిస్ బేస్డ్ క్రెడిట్ సిస్టమ్ (సీబీసీఎస్) పద్ధతి నడుస్తోంది. దోస్త్ ద్వారా ఆన్‌లైన్ అడ్మిషన్లు మొదలైందీ ఆ ఏడాదే. ఈ పద్ధతిలో ప్రతి పేపర్‌కూ కొన్ని క్రెడిట్లు ఉంటాయి. పేపర్ పాసైతే ఆ క్రెడిట్లు మొత్తం వస్తాయి. ఫెయిలైతే ఒక్కటీ రాదు, సగం ఇవ్వడం అన్నది లేదు. 2019-20లో సవరించిన సిలబస్‌లో సెమిస్టర్‌కు 25 చొప్పున ఆరు సెమిస్టర్లకు 150 క్రెడిట్లు పెట్టారు. తర్వాత చేరిన బ్యాచ్‌కు ఈ అంకె మారవచ్చు. అందుకే అన్న మెమో చూసి తమ్ముడి లెక్క వేయకూడదు. మీరు చేరిన సంవత్సరం నిబంధనలే మీకు వర్తిస్తాయి.

అపోహ 2: రెండు క్రెడిట్ల పేపరే కదా, పోతే ఏమవుతుంది?

వాస్తవం: ఎక్కువ మంది పట్టా ఆగేది ఇలాంటి నిర్లక్ష్యంతోనే. 2019-20 సిలబస్‌లో బీఎస్సీ మొదటి సెమిస్టర్ మెమో ఒకటి తీసి చూడండి. ఇంగ్లిష్‌కు 4, తెలుగు లేదా మరో సెకండ్ లాంగ్వేజ్‌కు 4, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ లాంటి పేపర్‌కు 2. మూడు కోర్ సబ్జెక్టులకు థియరీ 4, ప్రాక్టికల్ 1 చొప్పున 15. మొత్తం 25. పిల్లల దృష్టి అంతా ఫిజిక్స్, కెమిస్ట్రీల మీదే ఉంటుంది. ఆ రెండు క్రెడిట్ల పేపర్‌ను పరీక్ష ముందు రోజు తిరగేస్తారు. పోతే "తర్వాత రాద్దాం" అనుకుంటారు. ఆ రెండూ రాకపోతే చివర్లో చేతిలో ఉండేది 148. కోర్ సబ్జెక్టుల్లో ఎంత మంచి గ్రేడ్లు వచ్చినా ఆ లోటు పూడదు. ఒక పేపర్ క్రెడిట్లకు బదులు ఇంకో పేపర్ మార్కులు చెల్లవు.

అపోహ 3: పై సెమిస్టర్‌కు పంపారంటే కిందివన్నీ పాసైనట్టే.

వాస్తవం: పై తరగతికి పంపే నిబంధన వేరు, పట్టా ఇచ్చే నిబంధన వేరు. కొన్ని బ్యాక్‌లాగ్‌లు ఉన్నా పై సెమిస్టర్‌లో కూర్చోనిస్తారు. విద్యార్థికి ఏడాది వృథా కాకూడదని ఇచ్చే వెసులుబాటు అది, మాఫీ కాదు. పైగా సెమిస్టర్ పద్ధతిలో మొదటి సెమిస్టర్ పేపర్‌ను మళ్లీ ఆ సెమిస్టర్ పరీక్షలు పెట్టినప్పుడే రాయాల్సి రావచ్చు. ఒక్క నోటిఫికేషన్ తేదీ దాటితే నెలల తరబడి ఆగాలి. అందుకే ఏ బ్యాక్‌లాగ్ ఏ సెమిస్టర్‌దో రాసిపెట్టుకోవాలి. సప్లిమెంటరీ ఫీజు గడువును పండుగ తేదీలా గుర్తుపెట్టుకోవాలి.

అపోహ 4: గ్రేడ్లన్నీ కూడి పేపర్ల సంఖ్యతో భాగిస్తే ఎస్‌జీపీఏ (సెమిస్టర్ సగటు గ్రేడ్ పాయింట్) వస్తుంది.

వాస్తవం: రాదు. ప్రతి పేపర్ గ్రేడ్ పాయింట్‌ను దాని క్రెడిట్లతో గుణించాలి, అన్నీ కూడి మొత్తం క్రెడిట్లతో భాగించాలి. పై మెమోలోని పేపర్లతోనే లెక్క వేద్దాం. తేలిక కోసం కోర్ సబ్జెక్టుల్లో థియరీకి, ప్రాక్టికల్‌కు ఒకే గ్రేడ్ వచ్చిందనుకుందాం.

ఇంగ్లిష్: 4 క్రెడిట్లు, గ్రేడ్ పాయింట్ 6, ఫలితం 24
తెలుగు: 4 క్రెడిట్లు, గ్రేడ్ పాయింట్ 9, ఫలితం 36
ఎన్విరాన్‌మెంటల్ సైన్స్: 2 క్రెడిట్లు, గ్రేడ్ పాయింట్ 10, ఫలితం 20
మొదటి కోర్ సబ్జెక్టు: 5 క్రెడిట్లు, గ్రేడ్ పాయింట్ 7, ఫలితం 35
రెండోది: 5 క్రెడిట్లు, గ్రేడ్ పాయింట్ 6, ఫలితం 30
మూడోది: 5 క్రెడిట్లు, గ్రేడ్ పాయింట్ 8, ఫలితం 40

అన్నీ కూడితే 185. దాన్ని 25తో భాగిస్తే ఎస్‌జీపీఏ 7.40. గ్రేడ్ పాయింట్లను ఊరికే కూడి ఆరుతో భాగిస్తే 7.67 వస్తుంది, అది తప్పు. ఎక్కువ క్రెడిట్లున్న పేపర్‌లో గ్రేడ్ తగ్గితే దెబ్బ పెద్దదని కూడా ఈ లెక్క చెబుతోంది.

అపోహ 5: సీజీపీఏను (అన్ని సెమిస్టర్ల సగటును) 9.5తో గుణిస్తే పర్సంటేజీ వచ్చేస్తుంది.

వాస్తవం: ఆ 9.5 ఒకప్పుడు సీబీఎస్ఈ పదో తరగతికి చెప్పిన లెక్క. అన్ని యూనివర్సిటీలకూ అది వర్తించదు. జేఎన్‌టీయూ హైదరాబాద్ సూత్రంలో సీజీపీఏ నుంచి 0.5 తీసేసి పదితో గుణిస్తారు. 7.40 సీజీపీఏకు ఆ లెక్కన 69 శాతం, 9.5తో గుణిస్తే 70.3 శాతం, ఊరికే పదితో గుణిస్తే 74 శాతం. అప్లికేషన్‌లో ఒకటి రాసి సర్టిఫికెట్లలో మరొకటి ఉంటే వెరిఫికేషన్ రోజు జవాబు చెప్పుకోవాల్సింది మనమే. మీ యూనివర్సిటీ ఇచ్చిన సూత్రాన్నే వాడండి.

అపోహ 6: క్రెడిట్లు ఆన్‌లైన్ బ్యాంకులో ఉన్నాయి కాబట్టి పట్టా దానంతటదే వస్తుంది.

వాస్తవం: అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ 2021 జులైలో మొదలైంది. అపార్ ఐడీ పేరుతో విద్యార్థికి 12 అంకెల నంబర్ ఉంటుంది, డిజీలాకర్‌లో చూసుకోవచ్చు. ఈ క్రెడిట్ బ్యాంకులో క్రెడిట్లు వేసేది విద్యా సంస్థే. విద్యార్థి తన మెమో తీసుకెళ్లి జమ చేయడం కుదరదు. క్రెడిట్లకు గరిష్ఠంగా ఏడేళ్ల గడువు ఉంటుంది. పట్టా ఇచ్చేది మాత్రం ఎప్పటికీ యూనివర్సిటీయే. కాబట్టి రెండు పనులు చేయాలి. పేరు, పుట్టిన తేదీ, హాల్‌టికెట్ నంబర్ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవాలి. మెమోలో ఉన్న క్రెడిట్లు ఖాతాలో కనిపిస్తున్నాయో లేదో పోల్చుకోవాలి. తేడా ఉంటే కాలేజీలో ఉన్నప్పుడే అడగడం సులువు.

అపోహ 7: ఏ చదువైనా లెక్క ఒక్కటే.

వాస్తవం: నార్కట్‌పల్లి పరిసరాల్లోనే చూడండి. జేఎన్‌టీయూ 2018 నిబంధనల కింద బీటెక్‌కు 160 క్రెడిట్లు. అదే శ్రీపురంలోని మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్ చదివేవారికి కాళోజీ హెల్త్ యూనివర్సిటీ పరీక్షలు, జాతీయ మెడికల్ కమిషన్ నిబంధనలు. అక్కడ క్రెడిట్ల కూడికతో పట్టా రాదు. మొదటి ఏడాది పరీక్షకు నాలుగు అవకాశాలే, కోర్సు మొత్తం తొమ్మిదేళ్లలో ముగియాలి. పక్కింటి అబ్బాయి అనుభవం మన అమ్మాయికి పనికిరాకపోవచ్చు. రెగ్యులేషన్ పుస్తకమే ప్రమాణం.

ఇక అమెరికాలో ఎంఎస్ చదివే పిల్లల సంగతి.

అపోహ 8: డిగ్రీ ఆడిట్‌లో అన్నిటికీ ఆకుపచ్చ టిక్ వచ్చింది, పట్టా చేతికొచ్చినట్టే.

వాస్తవం: ప్రస్తుతం చదువుతున్న కోర్సులు పూర్తవుతాయనే నమ్మకం మీద ఆడిట్ వాటినీ కలుపుకొని చూపిస్తుంది. వాటి పక్కన 'ఇన్ ప్రోగ్రెస్' అన్న గుర్తు ఉంటుంది. రేపు అందులో ఫెయిలైనా, మధ్యలో వదిలేసినా ఆ టిక్ పోతుంది. కోర్సులు పూర్తి చేస్తేనే సరిపోదు, గ్రాడ్యుయేషన్‌కు గడువులోగా అప్లికేషన్ కూడా పెట్టాలి. ఆ తర్వాత యూనివర్సిటీ రిజిస్ట్రార్ ఆఫీసు ఆఖరి తనిఖీ చేసి పట్టా ఖరారు చేస్తుంది. నల్ల గౌను వేసుకుని స్టేజీ ఎక్కడానికి, పట్టా రావడానికి సంబంధం లేదు. చాలా యూనివర్సిటీల్లో తుది గ్రేడ్లు రాకముందే ఆ వేడుక జరుగుతుంది. కొడుకు ఫొటో చూసి మురిసిపోయే అమ్మానాన్నలకు ఈ సంగతి తెలియాలి.

అపోహ 9: మొత్తం క్రెడిట్లు నిండితే చాలు, ఏ కోర్సు అయితే ఏముంది?

వాస్తవం: ఎంఎస్‌కు చాలాచోట్ల 30 నుంచి 36 క్రెడిట్లు కావాలి. కానీ అవి గడులుగా ఉంటాయి: కోర్ ఇన్ని, ఎలెక్టివ్‌లు ఇన్ని, థీసిస్ లేదా ప్రాజెక్టు ఇన్ని. ఒక గడిలో ఎక్కువైనవి ఇంకో గడిలోకి పోకపోవచ్చు. ఆడిట్ అడుగున 'వాడుకోని కోర్సులు' అనే అర్థంలో ఒక భాగం ఉంటుంది. చాలామంది అంతవరకూ కిందికి జరిపి చూడరు. కష్టపడి చదివి, వేల డాలర్లు కట్టిన కోర్సు ఆ మూలన పడి ఉంటే అది పట్టాకు పనికిరావడం లేదని అర్థం. రిపోర్టు తెరిస్తే మొదట చూడాల్సింది ఆ అడుగు భాగమే.

అపోహ 10: 'సి' వచ్చినా పాసే కదా.

వాస్తవం: ఎంఎస్‌లో సాధారణంగా మొత్తం జీపీఏ 4కు 3.0 ఉండాలి. కొన్ని డిపార్ట్‌మెంట్లు కోర్ కోర్సులో కనీసం 'బి' అడుగుతాయి. అప్పుడు క్రెడిట్లు వచ్చినా ఆ గడి ఖాళీగానే ఉంటుంది. ఆడిట్‌లో క్రెడిట్ల లెక్క, జీపీఏ లెక్క వేర్వేరు వరుసల్లో ఉంటాయి. రెండూ చూడాలి.

అపోహ 11: ఆడిట్ బాగుంటే వీసాకు ఢోకా లేదు.

వాస్తవం: ఆడిట్‌కు చదువు తెలుసు, వీసా తెలియదు. ఎఫ్-1 వీసా మీద ఉన్న విద్యార్థికి సెమిస్టర్‌లో ఆన్‌లైన్ కోర్సు ఒక్కటి, అంటే మూడు క్రెడిట్ల వరకే ఫుల్‌టైమ్ లెక్కలోకి వస్తుంది. రెండు తీసుకుంటే ఆడిట్‌లో రెండూ ఆకుపచ్చగానే కనిపిస్తాయి, వీసా స్థితి మాత్రం చిక్కుల్లో పడొచ్చు. యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం మీద ఉన్న ముగింపు తేదీలోగా చదువు పూర్తి కాదనిపిస్తే ఆ తేదీ దాటకముందే పొడిగింపు అడగాలి. చదువయ్యాక అక్కడ పని చేయడానికి ఇచ్చే అనుమతి ఓపీటీకి దరఖాస్తు చేసే వీలు ముగింపు తేదీకి 90 రోజుల ముందు మొదలై, తర్వాత 60 రోజులతో ముగుస్తుంది. ఈ నిబంధనలు మారుతుంటాయి. సీనియర్ల వాట్సాప్ గ్రూప్‌ను కాకుండా, యూనివర్సిటీలోని అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసును అడగాలి.

అపోహ 12: రిపోర్టులో తప్పుంటే మనమేం చేయలేం.

వాస్తవం: చేయగలం, చేయాలి కూడా. ముందు చదివిన క్రెడిట్లు బదిలీ అయినా ఎక్కకపోవడం, ఒక కోర్సుకు బదులు ఇంకోటి చదవడానికి అనుమతి ఇచ్చినా అది నమోదు కాకపోవడం తరచూ జరిగేవే. అడ్వైజర్‌కు మెయిల్ రాసి, అనుమతి కాగితం జత చేస్తే సరిచేస్తారు. మాటతో ఒప్పుకున్నది రికార్డులో ఉండదు, కాబట్టి ప్రతిదీ రాతలో ఉండాలి. మన దగ్గరా అంతే. మెమోలో ఇంటర్నల్ మార్కులు పడకపోయినా, రాసిన పరీక్షకు ఆబ్సెంట్ చూపినా కాలేజీ ద్వారా ఎగ్జామినేషన్ బ్రాంచికి దరఖాస్తు పెట్టాలి. హాల్‌టికెట్, ఫీజు రసీదు ఆ తప్పు సరిచేసేదాకా దాచి ఉంచాలి.

చేయాల్సిన పని పెద్దదేం కాదు. ఒక తెల్ల కాగితం మీద గీతలు గీసి సెమిస్టర్, పేపర్ పేరు, క్రెడిట్లు, గ్రేడ్, పాసా ఫెయిలా అని వరుసలు పెట్టండి. ప్రతి ఫలితం వచ్చిన రోజే నింపండి. రివాల్యుయేషన్‌లో గ్రేడ్ మారితే కొట్టివేసి కొత్తది రాయండి. ఐదో సెమిస్టర్ మొదలయ్యేనాటికి అందులో ఖాళీలు ఏమున్నాయో తెలిసిపోవాలి. సరిదిద్దుకోవడానికి అప్పటికింకా సమయం ఉంటుంది.

పెద్దగా చదువుకోని తల్లిదండ్రులు "మాకేం తెలుస్తది" అని వెనక్కి తగ్గొద్దు. సెమిస్టర్‌కు ఒకసారి పిల్లలను కూర్చోబెట్టి మూడు ప్రశ్నలు అడిగితే చాలు: మొత్తం ఎన్ని క్రెడిట్లు కావాలె? ఇప్పటికి ఎన్ని అయినయి? ఇంక ఏ పేపర్లు మిగిలినయి? మూడింటికీ కాగితం చూపించి జవాబు చెప్పగలిగితే చదువు దారిలో ఉన్నట్టే. చెప్పలేకపోతే కోప్పడకండి, మెమోలు తెమ్మని వాళ్లతో కలిసి ఆ కాగితం నింపించండి.