నాలుగో బోరుకు పైసలు పంపే ముందు

పోయిన శుక్రవారం దమ్మామ్‌లో సీకో దగ్గర చాయ్ తాగుతుంటే సిరిసిల్ల జిల్లా తమ్ముడొకడు కలిశాడు. క్లీనింగ్ కంపెనీలో పని, నెలకు 1,200 రియాళ్ళు. మొహం వాడిపోయి ఉంది. ఏమైంది తమ్మీ అంటే, "మూడో బోరు కూడా వట్టిపోయిందన్నా. ఇంటామె ఫోన్ చేసింది. నాలుగోది ఏద్దాం, లక్ష పంపుమంటాంది" అన్నాడు.

లక్ష రూపాయలంటే ఇక్కడ తిండి ఖర్చు కూడా తీయకుండా దాదాపు మూడున్నర నెలల జీతం. మొదటి రెండు బోర్ల అప్పు తీర్చడానికే అతను గల్ఫ్ ఎక్కాడు. మూడోది గల్ఫ్ పైసలతో వేశాడు. ఇప్పుడు నాలుగోది. మన క్యాంపుల్లో ఇది ఒక్కడి కథ కాదు. మా ఇంట్లో కూడా మా అన్న మూడు బోర్లు వేసి రెండు పోగొట్టుకున్నాడు. ఆ పైసల్లో సగం నేను పంపినవే. అందుకే ఈ విషయం నాకు తెలిసినంత వరకు వివరంగా రాస్తున్నా.

బోరు ఎందుకు వట్టిపోతది?

సిరిసిల్ల, జగిత్యాల, కరీంనగర్, కామారెడ్డి, నిజామాబాద్ దిక్కు మన నేల చాలా మటుకు గ్రానైట్ రాతి నేల. పైన మట్టి, దాని కింద మొరం, మెత్తబడిన రాయి, ఆ కింద గట్టి బండ. నీళ్ళు నిలిచేది ఎక్కువగా మొరం, మెత్తరాయి పొరలోనే. గట్టి బండలో అయితే పగుళ్ళు ఉన్న చోటనే నీళ్ళు ఉంటాయి. భూమి కింద నది లాంటిది పారుతుంటదని, ఇంకొంచెం లోతుకు పోతే అందుతుందని చాలామంది నమ్ముతారు. మన రాతి నేలలో అట్లాంటి నది లేదు.

కాబట్టి 300 అడుగుల్లో పడని నీళ్ళు 600 అడుగుల్లో పడతాయన్న గ్యారంటీ లేదు. పగులు తగిలితే నీళ్ళొస్తాయి, లేకపోతే దుమ్మొస్తది. రిగ్గు బండి వాడికి మాత్రం రెండింటికీ అడుగు లెక్కన పైసలు ఇవ్వాల్సిందే. ఇంకో సంగతి. మన బోరులో తగిలిన పగులు పక్కాయన బోరు పగులుతో కలిసి ఉంటే, మనకొచ్చేవి కొత్త నీళ్ళు కావు, ఆయన నీళ్ళే. వచ్చే ఏడు ఆయన ఇంకో వంద అడుగులు దించుతాడు. అప్పుడు మనది ఆగిపోతది. ఇట్లా ఊరంతా పోటీ పడి అప్పులు చేస్తాం. భూమిలో నీళ్ళు మాత్రం ఒక్క బిందె కూడా పెరగవు.

ఎకరం లెక్క

ఒక ఎకరం మీద 1 మిల్లీమీటర్ వాన పడితే సుమారు 4,000 లీటర్లు. మన దిక్కు ఏడాదికి 900 మిల్లీమీటర్ల వాన అనుకుందాం. ఎకరానికి 36 లక్షల లీటర్లు పడ్డట్టు. ఇందులో ఎక్కువ భాగం ఆవిరైపోతది, చెట్టూ చేనూ తాగుతాయి, వాగుల్లో పారిపోతది. మన రాతి నేలలో భూమిలోకి ఇంకేది సుమారు పదో వంతు. అంటే ఎకరానికి మూడున్నర లక్షల లీటర్లు.

ఇప్పుడు ఖర్చు చూడండి. యాసంగి వరికి దాదాపు 1,200 మిల్లీమీటర్ల నీళ్ళు కావాలి. ఎకరానికి 48 లక్షల లీటర్లు. యాసంగిలో వాన ఉండదు కాబట్టి దాదాపు అంతా బోరే పోయాలి. పొలంలో పోసిన నీళ్ళలో కొంత మళ్ళీ భూమిలోకి దిగుతది నిజమే. అది తీసేసినా, ఒక్క ఎకరం యాసంగి వరి ఎన్నో ఎకరాల మీద ఇంకిన వాన నీళ్ళను తాగుతది. ఊళ్ళో పది మంది వేస్తే సరిపోవచ్చు. అందరూ వేస్తే ఏ బోరైనా వట్టిపోవాల్సిందే. ఇది దురదృష్టం కాదు, బోరు పాయింట్ పెట్టినాయన తప్పు కూడా కాదు. వచ్చేదానికంటే తీసేది ఎక్కువైంది, అంతే.

మనం ఉన్న చోటే ఒక పాఠం

దమ్మామ్ నుంచి సుమారు నూటయాభై కిలోమీటర్ల దూరంలో అల్ అహ్సా ఉంది. మనవాళ్ళు చాలామంది హోఫూఫ్‌లో, అక్కడి ఖర్జూర తోటల్లో పని చేస్తున్నారు. యునెస్కో 2018లో ఆ ఒయాసిస్సును ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. సుమారు 25 లక్షల ఖర్జూర చెట్లున్న తోటలవి. ఒకప్పుడు అక్కడ ఊటల నుంచి నీళ్ళు వాటంతటవే ఉబికి కాలువల్లో పారేవి. తర్వాత బావులూ పంపులూ పెరిగినకొద్దీ నీటిమట్టం పడిపోయి ఊటలు ఆగిపోయాయి. ఇప్పుడు పంపులు పెట్టి తోడాల్సిందే.

సౌదీ గోధుమల కథ కూడా ఇట్లాంటిదే. 1980లలో సబ్సిడీలిచ్చి ఎడారిలో గోధుమలు పండించారు. 1990ల మొదట్లో విదేశాలకు అమ్మేంత పండింది. కానీ ఆ నీళ్ళు వేల ఏళ్ళ నాడు భూమిలో దిగినవి, మళ్ళీ నిండేవి కావు. 2008లో సర్కారు గోధుమల కొనుగోలు తగ్గించుకుంటూ వచ్చి 2016 నాటికి ఆపేసింది. తర్వాత కొంత మేరకే మళ్ళీ అనుమతించింది. ఈ దేశం దగ్గర నూనె పైసలున్నాయి. సముద్రం నీళ్ళను శుద్ధి చేసి మన క్యాంపు నల్లాలోకి కూడా పంపగలదు. మన ఊరికి సముద్రమూ లేదు, నూనె బావీ లేదు. మనకున్నది వాన, చెరువు, పంచాయతీ.

చెరువే మన బ్యాంకు

మా చిన్నప్పుడు ఊళ్ళో నీరటి ఉండేవాడు. తూము ఎప్పుడు తీయాలె, ఎవరి మడికి ఎంతసేపు పారాలె అన్నది అతనే చూసేవాడు. బోర్లు వచ్చాక చెరువును పట్టించుకోవడం మానేశాం. పూడిక పేరుకుంది, కాలువలు పూడిపోయాయి, శిఖం భూమిని ఆక్రమించుకున్నారు. చెరువు నిండితే దాని కింద ఉన్న బావులూ బోర్లూ పోస్తాయి. ఇది పెద్దలకు తెలిసిన విషయమే. తెలంగాణ సర్కారు 2015లో మిషన్ కాకతీయ మొదలుపెట్టి సుమారు 46,500 చెరువులు, కుంటల మరమ్మతు లక్ష్యంగా పెట్టుకున్నది కూడా ఇందుకే. కానీ పూడిక ఒకసారి తీస్తే సరిపోదు. చెరువులోకి నీళ్ళు తెచ్చే కాలువ, తూము, మత్తడి ఏటేటా చూసుకోవాలి.

పంచాయతీ పని ఏంటి?

73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగించదగిన విషయాలు 29 చెప్పింది. అందులో చిన్న నీటి వనరులు, తాగునీరు కూడా ఉన్నాయి. పైసల సంగతి చూస్తే, 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం పంచాయతీలకు ఇచ్చే గ్రాంటులో 60 శాతాన్ని రెండు పనులకే కట్టేసింది. సగం తాగునీరు, వాన నీళ్ళ నిల్వకు, సగం పారిశుధ్యానికి. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే ఈ గ్రాంటు రాదు. తెలంగాణలో 2024 ఫిబ్రవరి నుంచి ప్రత్యేక అధికారుల పాలన నడిచింది, 2025 డిసెంబరులో ఎన్నికలు జరిగాయి. కొత్త సర్పంచ్‌ను అడగాల్సిన సమయం ఇదే.

చట్టం కూడా ఉంది. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం రిగ్గు బండికి రిజిస్ట్రేషన్ ఉండాలి. ఊరి తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపల సాగుకు కొత్త బోరు వేయకూడదు. దీన్ని అడిగేవాళ్ళు లేక కాగితం మీదనే ఉండిపోయింది.

కలిసి చేసిన ఊళ్ళున్నాయి

ఇది కుదిరే పనేనా అని అడుగుతారు. ఉమ్మడి రాష్ట్రంలో 2003 నుంచి కొన్నేళ్ళు మహబూబ్‌నగర్, నల్లగొండ, అనంతపురం లాంటి ఏడు కరువు జిల్లాల్లో రైతులే వాన కొలిచారు, బావుల నీటిమట్టం కొలిచారు. యాసంగికి ముందు అందరూ కూర్చుని, ఇన్ని నీళ్ళున్నాయి, ఏ పంట ఎన్ని ఎకరాలు వేద్దామని లెక్క వేసుకున్నారు. బలవంతం ఏమీ లేదు. లెక్క కళ్ళ ముందు కనిపించేసరికి చాలామంది వరి తగ్గించుకున్నారు. మహారాష్ట్రలో హివ్రే బజార్ అనే ఊరు ఇంకా గట్టిగా కట్టుబడింది. అక్కడ సాగుకు బోర్లు వేయొద్దని ఊరే నియమం పెట్టుకుంది. వాన మనకంటే తక్కువ. అయినా బతుకుదెరువుకు బయటికి పోయిన కుటుంబాలు తిరిగి ఊరికి వచ్చాయి. ఆ చివరి మాట మన కోసం మళ్ళీ చెప్తున్నా: పోయినవాళ్ళు తిరిగి వచ్చారు.

ఇక్కడ ఉండి మనం ఏం చేయొచ్చు?

1. బోరుకు పైసలు పంపే ముందు మూడు ప్రశ్నలు అడగండి. చుట్టుపక్కల బోర్లు ఎంత లోతులో ఉన్నాయి? పోయిన రెండేళ్ళలో ఎన్ని వట్టిపోయాయి? భూగర్భ జల శాఖ వాళ్ళతో చూపించారా, లేక కొబ్బరికాయ పట్టే ఆయన మాట మీదనేనా?

2. ఫోన్‌లో ఈ-గ్రామ్‌స్వరాజ్ తెరిచి మీ జిల్లా, మండలం, పంచాయతీ ఎంచుకోండి. ఏ పనికి ఎంత పెట్టారో దమ్మామ్ నుంచే చూడొచ్చు. స్క్రీన్‌షాట్ తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టండి. తిట్టొద్దు, అడగండి.

3. ఇంట్లో ఆడవాళ్ళను గ్రామసభకు పొమ్మనండి. మనం ఇక్కడ ఉంటే అక్కడ ఇంటి పెద్ద వాళ్ళే. ఒక్కరు పోతే మాట వినరు. గల్ఫ్ కుటుంబాల వాళ్ళు పది మంది కలిసి పోతే వింటారు. చెరువు కాలువ పని, ఇంకుడు గుంతలు ఈ ఏడు ప్రణాళికలో రాయించమనండి.

4. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద పంచాయతీ కార్యదర్శికి దరఖాస్తు ఇప్పించండి. 30 రోజుల్లో జవాబివ్వాలి.

5. యాసంగిలో ఉన్న నీళ్ళకు తగ్గ పంట వేయమనండి. నువ్వులు, పెసర, మక్కజొన్నకు వరి కంటే చాలా తక్కువ నీళ్ళు చాలు. గిట్టుబాటు సంగతి కూడా ముందే కనుక్కోండి, ఊరికే చెప్పొద్దు.

6. నలుగురు కలిసి ఒకే బోరు వాడుకునే వీలుందేమో మాట్లాడండి. నాలుగు అప్పుల కంటే ఒక్క ఒప్పందం మేలు.

ఆ సిరిసిల్ల తమ్ముడితో ఈ లెక్కంతా చాయ్ కప్పు పక్కన పెట్టి కాగితం మీద వేశాను. అక్కడే ఇంటికి ఫోన్ చేశాడు. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి పొలం బీడు పెట్టాల్నా?" అని అడిగింది. సరైన ప్రశ్నే. బీడు పెట్టొద్దు, ఈసారి అరెకరం నువ్వులు వేసి చూద్దాం, ఎక్కువ పొలం వానాకాలానికే ఉంచుదాం, లక్ష మాత్రం పంపను అని చెప్పాడు. ఆమె ఒప్పుకుందో లేదో ఇంకా తెలియదు. వచ్చే గ్రామసభకు మాత్రం పోతానందట.

ఆ లక్ష ఇప్పటికైతే అతని అకౌంట్లోనే ఉంది. ఏజెంట్ అప్పు ఇంకా మిగిలి ఉంది కదా, ముందు అది కట్టమన్నాను.