సహజ కవచం

మహాభారతంలోని కర్ణుడు సహజ కవచ కుండలాలతో జన్మించాడు. ఇంద్రుడు బ్రాహ్మణ వేషంలో వచ్చి యాచించగా, ఆ కవచాన్ని తన చేతులతోనే కోసి దానం చేశాడు. కర్ణుని కవచం ఇతిహాస కథకు చెందినది. అయితే పుట్టుకతోనే ఒంటిని అంటి వచ్చే కవచం ప్రతి మనిషికీ ఒకటున్నది. అది చర్మపు పైపొర. కర్ణుని కవచం ఒక్కసారి ఏర్పడి నిలిచినది. మనిషి చర్మకవచం అట్లా కాదు. అది ప్రతిదినం రాలిపోతూ, ప్రతిదినం కొత్తగా రూపొందుతూ నిలుస్తుంది. పాతపొర సకాలంలో రాలడం ఎంత అవసరమో, అకాలంలో రాలకుండా ఉండడం కూడా అంతే అవసరం. ఈ రెండింటి నడుమ సమతౌల్యాన్ని కాపాడేవి ఎంజైములు.

చర్మంలో ప్రధానంగా రెండు భాగాలున్నాయి. రక్తనాళాలు, నాడులు, స్వేదగ్రంథులు గల లోపలి భాగం అంతశ్చర్మం. దానిపై పరచుకొన్నది బాహ్యచర్మం. ఇందులో రక్తనాళాలుండవు. బాహ్యచర్మపు అట్టడుగు వరుసలోని కణాలు నిరంతరం విభజన చెందుతుంటాయి. అక్కడ పుట్టిన కణం కెరటిన్ అనే ప్రోటీన్‌ను నింపుకొంటూ మెల్లగా పైకి జరుగుతుంది. సుమారు రెండు వారాలలో తన కేంద్రకాన్ని కోల్పోయి, చదునైన బిళ్ళవలె మారి మరణిస్తుంది. ఇట్లాంటి మృతకణాలు పదిహేను, ఇరవై వరుసలుగా పేరుకొనగా ఏర్పడిన పొరను స్ట్రాటమ్ కార్నియమ్ అంటారు. కొమ్మువంటి పొర అని ఆ లాటిన్ మాటకు అర్థం. గోళ్ళకూ, కొమ్ములకూ గట్టిదనాన్ని ఇచ్చే కెరటినే దీనికీ ఆధారం. అరచేతులు, అరికాళ్ళు మినహా శరీరంపై చాలాచోట్ల దీని మందం మిల్లీమీటరులో యాభయ్యో వంతుకు అటూ ఇటుగా ఉంటుంది.

ఈ పొరను చాలాకాలం నిర్జీవమైన పొలుసుల కుప్పగానే భావించారు. అమెరికా చర్మశాస్త్రవేత్త పీటర్ ఇలియాస్ 1980వ దశకంలో దీనిని ఇటుకల గోడతో పోల్చి వివరించాడు. మృతకణాలు ఇటుకలు. వాటి మధ్య నిండిన కొవ్వు పదార్థాలు అడుసు. సెరమైడులు, కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లాలు పొరలు పొరలుగా అమరి శరీరంలోని నీటిని బయటకు పోనివ్వవు, బయటి సూక్ష్మజీవులను లోపలికి రానివ్వవు. ఒళ్ళు తీవ్రంగా కాలినవారు ఎంత త్వరగా నీటిని కోల్పోతారో, ఎంత సులభంగా అంటుదోషాలకు లోనవుతారో గమనిస్తే ఈ పలుచని గోడ విలువ బోధపడుతుంది.

ఎంజైము అంటే శరీరంలో జరిగే రసాయనిక చర్యను వేగవంతం చేసే పదార్థం. ఎంజైములలో దాదాపు అన్నీ ప్రోటీన్లే. ప్రతి ఎంజైముకూ ఒక నిర్దిష్టమైన పని, ఆ పనికి అనువైన వాతావరణం ఉంటాయి. పైపొరలోని కణాలు మరణించినా అక్కడి ఎంజైములు పని మానవు. వాటిలో కొన్ని నిర్మాతలు. ట్రాన్స్‌గ్లుటామినేజ్ అనే ఎంజైము ప్రోటీన్లను ఒకదానితో ఒకటి బంధించి కణం చుట్టూ గట్టి పెంకును ఏర్పరుస్తుంది. గ్లూకోసెరిబ్రోసిడేజ్ అనే మరొక ఎంజైము చక్కెరతో కూడిన కొవ్వు అణువు నుంచి చక్కెరను వేరుచేసి సెరమైడును సిద్ధం చేస్తుంది. ఇది ఆమ్ల వాతావరణంలోనే చక్కగా పనిచేస్తుంది. మరికొన్ని ఎంజైములు ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్‌ను అమైనో ఆమ్లాలుగా విడగొడతాయి. ఆ ఆమ్లాలు నీటిని పట్టి ఉంచి చర్మాన్ని మృదువుగా ఉంచుతాయి. ఫిలాగ్రిన్ జన్యువులో లోపమున్నవారికి పొలుసుల వ్యాధి కలుగుతుందనీ, ఎగ్జిమా వచ్చే అవకాశం ఎక్కువనీ స్కాట్లండ్‌లోని డండీ విశ్వవిద్యాలయానికి చెందిన ఇర్విన్ మెక్‌లీన్ బృందం 2006లో వెల్లడించింది.

మరికొన్ని ఎంజైములు కత్తెరల వంటివి. కణాన్ని కణంతో కలిపి ఉంచే ప్రోటీన్ బంధాలను ఇవి తెంపుతాయి. స్వీడన్‌కు చెందిన టోర్‌బ్యోర్న్ ఎగెల్‌రుడ్, ఆయన సహచరులు 1990వ దశకంలో వీటిపై విశేషమైన పరిశోధన చేశారు. నేడు వీటిని కల్లిక్రీన్లు అంటున్నారు. బంధాలు తెగిన పై వరుస కణాలు ఒక్కొక్కటిగా రాలిపోతాయి. పాము తన కుబుసాన్ని ఒకేసారి విడుస్తుంది. మనిషి కంటికి కనిపించని రేణువులుగా అనుదినం విడుస్తూనే ఉంటాడు.

కత్తెర ఉన్నచోట దానికి కళ్ళెం కూడా ఉండాలి. లెక్టి అనే ప్రోటీన్ కల్లిక్రీన్లను అదుపులో ఉంచుతుంది. ఆ అదుపు తప్పితే కలిగే అనర్థానికి నెదర్టన్ వ్యాధి ఉదాహరణ. వెదురు కణుపులవంటి ముడులు గల వెంట్రుకలున్న రోగిని గూర్చి అమెరికా వైద్యుడు నెదర్టన్ 1958లో వివరించాడు. ఈ అరుదైన వ్యాధితో పుట్టిన శిశువుల చర్మం ఎర్రబారి, పొట్టు రాలుతూ ఉంటుంది. శరీరం నీటిని కోల్పోతుంది. అంటుదోషాలు ప్రాణాలకే ముప్పు తెస్తాయి. లెక్టిని తయారుచేసే జన్యువులోని లోపమే ఇందుకు కారణమని 2000 సంవత్సరంలో తేలింది. కళ్ళెంలేని కత్తెర కవచాన్నే కోసివేస్తుందన్నమాట.

ఎంజైముల నియంత్రణలో ఆమ్లతకు ప్రధాన స్థానముంది. చర్మపు ఉపరితలం స్వల్పంగా ఆమ్ల గుణం కలది. జర్మనీ శాస్త్రజ్ఞులు షాడే, మార్కియోనీని 1928లో దీనికి ఆమ్ల ప్రావరణమని పేరు పెట్టారు. సాధారణంగా దీని పి.హెచ్. 5 ప్రాంతంలో ఉంటుంది. ఈ స్థితిలో నిర్మాతలైన ఎంజైములు చురుకుగా, కత్తెరల వంటివి మందంగా పనిచేస్తాయి. మామూలు సబ్బు పి.హెచ్. 9 నుంచి 10 వరకు ఉంటుంది. సబ్బుతో పదేపదే రుద్దినప్పుడు చర్మం ఆమ్లతను కోల్పోతుంది. కత్తెరలకు బలం పెరిగి, సెరమైడుల తయారీ కుంటుపడుతుంది. గోడలోని అడుసు కూడా కొంత కొట్టుకొనిపోతుంది.

కత్తెరలు పనిచేయడానికి తేమ కూడా కావాలి. చలికాలంలో గోటితో గీస్తే చర్మంపై తెల్లని గీత పడడం అందరికీ అనుభవమే. పొట్టు రేగిన చర్మం అతిగా రాలుతున్నదని చూసేవారు భ్రమపడతారు. నిజానికి తేమ చాలక బంధాలు సరిగా తెగనందువల్ల, విడిగా రాలవలసిన కణాలు గుంపులుగా అతుక్కొని పైకి లేస్తాయి. అప్పుడు బీరపీచుతో గట్టిగా తోమడం వల్ల మేలుకంటె కీడే ఎక్కువ. స్నానానంతరం ఒళ్ళు కొంచెం తడిగా ఉండగానే తగిన లేపనం రాసుకొంటే తేమ నిలిచి, ఎంజైములే తమ పని తాము చేసుకొంటాయి.

యువతీయువకులు గ్రహించవలసిన విషయం మరొకటున్నది. మేనిఛాయ తెల్లబడుతుందన్న ఆశతో కొందరు స్టెరాయిడ్ కలిసిన లేపనాలను వైద్యుని సలహా లేకుండా నెలల తరబడి ముఖానికి పూసుకొంటారు. ఇవి వైద్యుని పర్యవేక్షణలో ఔషధాలు. విచ్చలవిడిగా వాడితే కొవ్వు పదార్థాల తయారీని తగ్గించి, చర్మాన్ని పలుచబరుస్తాయి. మొటిమలు, ఎర్రదనం, మంట బయలుదేరుతాయి. ఇట్లాంటి పలు లేపనాలను వైద్యుని చీటీపై మాత్రమే అమ్మాలని భారత ప్రభుత్వం 2018లో నిబంధన విధించింది. అడిగినవానికి కవచాన్ని ఇచ్చిన కర్ణునికి దాతగా కీర్తి దక్కింది. ఛాయకోసం కవచాన్ని పోగొట్టుకొన్నవారికి దక్కేది వ్యాధి మాత్రమే.

శుభ్రత ఆరోగ్యానికి మూలం. చేతులు కడుక్కోవడం అంటువ్యాధులను నివారిస్తుంది. దానిని ఎన్నడూ మానరాదు. కాని శుభ్రత వేరు, చర్మాన్ని అరగదీయడం వేరు. అవసరమైన మేరకు సబ్బు, గోరువెచ్చని నీరు, ఆపై కొంత స్నిగ్ధత చాలు. మిగిలిన పని చేయడానికి మనిషి పుట్టిననాటి నుంచి అలుపెరుగని పనివారు చర్మంలోనే ఉన్నారు. వారిని తమ పని చేసుకోనివ్వడమే చర్మసంరక్షణ.

ప్రశ్నలు

1. చర్మపు పైపొరను ఇటుకల గోడతో పోల్చడంలోని ఔచిత్యాన్ని వివరించండి.
2. ‘కత్తెర ఉన్నచోట దానికి కళ్ళెం కూడా ఉండాలి’ - ఈ వాక్యాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.
3. చలికాలంలో చర్మం పొట్టు రేగడానికి కారణమేమిటి?
4. శుభ్రతకూ, చర్మాన్ని అరగదీయడానికీ గల భేదాన్ని తెలపండి.