అడవి ఖరీదెంత?

తొలకరి చినుకులు పడితే చాలు... వజ్రకరూరు చుట్టుపక్కల చేలల్లో జాతర మొదలవుతుంది. ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. సద్దిమూట గట్టున పెట్టి, తలకు తువ్వాలు చుట్టుకుని, పొద్దుగూకేదాకా వంగి నేలను వెతుకుతూనే ఉంటారు. వానకు కడిగినట్టున్న మట్టిలో ఏ మూలో ఓ రాయి తళుక్కుమంటుందని ఆశ. అదృష్టం బాగుండి నిజంగానే వజ్రం దొరికిందా, దాని ధర తేలడానికి ఎన్నాళ్లో పట్టదు. కబురు అందుకున్న వ్యాపారులే వెతుక్కుంటూ వస్తారు.

ఆ పక్కనే ఉరవకొండ. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దాకా మాత్రమే వాన కురిసే అనంతపురం జిల్లాలో, చేనేత మగ్గాల ఊరు. వేసవిలో బిందెడు నీళ్ల కోసం పడిన పాట్లు ఇక్కడి పెద్దవాళ్లను అడిగితే కథలుకథలుగా చెబుతారు. వజ్రం లేకపోతే ఎవరికీ ఏమీ కాదు. నీళ్లు లేకపోతే బతుకే లేదు. అయినా వజ్రానికి లక్షలు, నీళ్ల బిందెకు రూపాయలు! 1776లో ఆడమ్ స్మిత్ 'వెల్త్ ఆఫ్ నేషన్స్'లో సరిగ్గా ఈ చిక్కుముడి గురించే రాశాడు. ఆ తర్వాత వందేళ్లకు గానీ ఆర్థికవేత్తలు దాన్ని విప్పలేకపోయారు. వాళ్లు తేల్చింది ఒక్కటే. వస్తువు మనకెంత అవసరమో ధర చెప్పదు, మరొక్కటి దొరకడం ఎంత కష్టమో చెబుతుంది.

సరే, వజ్రానికీ నీళ్లకూ ఎంతో కొంత ధరంటూ ఉంది. అసలు బజారుకే రానివాటి సంగతేంటి? సముద్రం ఒడ్డున ఓ అడవి ఉంది. దాన్ని ఎవరూ తూకం వేసి అమ్మరు, ఎవరూ సంచిలో వేసుకుని ఇంటికి పట్టుకెళ్లరు. మరి దాని విలువ ఎంత? ఈ ప్రశ్నకు జవాబు కోసం ఆర్థికవేత్తలు కాగితాలు పట్టుకుని జనం దగ్గరకు వెళ్తుంటారు. చూడ్డానికి వచ్చినవాళ్లనూ అడుగుతారు, అక్కడే పుట్టి పెరిగినవాళ్లనూ అడుగుతారు. వింతేమిటంటే, ఒకే అడవికి ఆ ఇద్దరూ చెప్పే విలువకు పొంతనే ఉండదు.

చెక్క వంతెన మీద నుంచి...

మన దగ్గర అలాంటి అడవి అనగానే గుర్తొచ్చేది కోరంగి. కాకినాడకు దగ్గర్లో, గోదావరి సముద్రంలో కలిసేచోట ఉందీ మడ అడవి. 1978లో దీన్ని అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్ల పైమాటే. ఒకప్పుడు కోరంగి పెద్ద రేవు. ఇక్కడి నుంచి ఓడలెక్కి బర్మా వెళ్లిన తెలుగువాళ్లను అక్కడివాళ్లు 'కోరంగీలు' అనే పిలిచేవారు. 1839 నాటి తుపాను ఆ రేవు వైభవాన్ని తుడిచిపెట్టేసింది. ఊరి పేరు మాత్రం అడవికి మిగిలింది.

సందర్శకులకు కోరంగి అంటే అడవి మధ్యలోంచి సాగే చెక్క వంతెన. అటూ ఇటూ బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చిన వేళ్లు. ఉప్పునీటి బురదలో గాలి అందదు కాబట్టి మడ చెట్టు ఊపిరి కోసం వేళ్లను పైకి పంపుతుంది. ఆ వేళ్ల సందుల్లో పరుగులు తీసే పీతలు, కాలువలో పడవ షికారు, కొమ్మల మీద కొంగలు. చేపల్ని వేటాడే బావురు పిల్లి కూడా ఉంటుంది గానీ, అది పగటిపూట కంటపడటం అరుదు.

మరి ఇదంతా చూసినందుకు సందర్శకుడు ఎంత చెల్లించినట్టు? ప్రవేశ టికెట్ డబ్బులే కదా అనుకుంటే పొరపాటే. ఉరవకొండ నుంచి నలుగురున్న కుటుంబం కోరంగి బయల్దేరిందనుకుందాం. గుంతకల్లు దాకా బస్సు, అక్కడి నుంచి రైలు, సామర్లకోటలో దిగి మళ్లీ బస్సు, కాకినాడలో లాడ్జి, దారి పొడవునా టిఫిన్లు, భోజనాలు. పైగా రెండు మూడు రోజులు మగ్గం ఆగిపోతుంది. ఆ కూలీ నష్టం కూడా లెక్కలోకి వస్తుంది. ఇవన్నీ భరించి వచ్చారంటే ఆ అడవి వాళ్లకు కనీసం అంత విలువైనదన్నమాటే! అమెరికా జాతీయ పార్కుల శాఖకు 1947లో రాసిన లేఖలో ఆర్థికవేత్త హెరాల్డ్ హోటలింగ్ సూచించిన ఉపాయం ఇదే. ఏ దూరం నుంచి ఎంతమంది వచ్చారు, ఎంత ఖర్చు పెట్టారు అని ఆరా తీస్తే, ఖర్చు పెరిగేకొద్దీ రాకపోకలు ఎలా తగ్గుతున్నాయో తెలుస్తుంది. దాన్నిబట్టి పార్కు విలువ కడతారు. 'ప్రయాణ ఖర్చు పద్ధతి' అని దీనికి పేరు.

ఇందులోనూ ఓ తిరకాసు ఉంది. అన్నవరంలో సత్యనారాయణ వ్రతం చేసుకుని, ద్రాక్షారామంలో భీమేశ్వరుణ్ని దర్శించుకుని, రైలుకు టైముంది కదా అని కోరంగికి వచ్చిన కుటుంబం సంగతేంటి? ఆ ఖర్చులో సత్యదేవుడి వాటా ఎంత, మడ చెట్టు వాటా ఎంత? సర్వే చేసేవాళ్లకు ఇలాంటి చోటే తల ప్రాణం తోకకొస్తుంది.

వల చెప్పే లెక్క

ఇక ఊరివాళ్ల దగ్గరకు వెళ్దాం. అక్కడి మత్స్యకారుడు చెక్క వంతెన ఎక్కడు. అతనికి మడ అడవి చూసే వస్తువు కాదు, బతుకుతెరువు. రొయ్య పిల్లలు, చేప పిల్లలు ఆ వేళ్ల మధ్యే దాక్కుని పెరుగుతాయి. పెద్దయ్యాక సముద్రంలోకి వెళ్లి వలకు చిక్కుతాయి. అడవి తరిగితే ఆ దెబ్బ ముందు తగిలేది వలకే. పీతలు పట్టేవాళ్లున్నారు, పొయ్యిలోకి పుల్లలు ఏరుకునేవాళ్లున్నారు. వాళ్లను 'ఈ అడవికి ఎంత ఇస్తారు?' అనడిగితే ఏం చెబుతారు? తాతల నాటి నుంచి మాదైన దానికి మేం ఎదురు డబ్బులివ్వడమేంటని ఆశ్చర్యపోతారు. అందులో న్యాయం లేకపోలేదు.

అందుకే అనుభవజ్ఞులు ప్రశ్నను తిరగేస్తారు. 'దీన్ని వదులుకోవాలంటే మీకెంత ఇవ్వాలి?' అని అడుగుతారు. అంకె ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెరుగుతుంది. కొందరైతే ఎంతిచ్చినా వదులుకోం పొమ్మంటారు. పేదవాళ్లను డబ్బు రూపంలో అడగడంలో ఇంకో అన్యాయమూ ఉంది. జేబులో పది రూపాయలున్నవాడు పదికి మించి ఇస్తానని ఎలా అంటాడు? అంతమాత్రాన అడవి మీద అతనికి ప్రేమ తక్కువని కాదుగా! అందుకే పేద దేశాల్లో కొన్ని సర్వేలు ప్రశ్న మార్చాయి. డబ్బు మాట వదిలేసి, 'నెలకు ఎన్ని రోజులు పని చేస్తారు?' అని అడిగాయి. మన భాషలో చెప్పాలంటే శ్రమదానం. డబ్బులో సున్నా చెప్పినవాళ్లు పనిదినాల్లో ఉదారంగా ముందుకు రావచ్చు.

గోదావరి తీరంలో ఇది కాగితం మీద మాటగా మిగల్లేదు. 1990లలో ఎం.ఎస్.స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీశాఖ కలిసి ఇక్కడ పాడైన మడ అడవుల్ని మళ్లీ పెంచే పని చేపట్టినప్పుడు ఊరివాళ్లనూ భాగస్వాముల్ని చేశాయి. ఆటుపోట్ల నీరు లోపలిదాకా వెళ్లేలా చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, మొక్కలు నాటారు.

గాలివాన వచ్చిన రోజు

అడవి విలువ అన్ని రోజులూ ఒకేలా ఉండదు. తుపాను రోజున దాని లెక్కే వేరు. 1999 అక్టోబరు 29న ఒరిస్సాను సూపర్ సైక్లోన్ ముంచెత్తింది. ఆ తర్వాత పరిశోధకులు భితర్‌కనిక మడ అడవుల దగ్గర మూడు ఊళ్లను ఎంచుకుని ఇంటింటికీ తిరిగి నష్టం లెక్కగట్టారు. మడ అడవి చాటున ఉన్న ఊళ్లో ఇంటికి సగటున 33 డాలర్ల నష్టం జరిగింది. అడవి గానీ కట్ట గానీ లేని ఊళ్లో 44 డాలర్లు. అడవి లేకుండా మట్టికట్ట మాత్రమే ఉన్న ఊళ్లో 154 డాలర్లు! కట్టే కాపాడుతుందనుకుంటే, అక్కడే నష్టం ఎక్కువైంది. ఈ ఫలితాలు 2005లో వెలువడ్డాయి. అదే తుపానుపై కేంద్రపడా జిల్లాలోని 400కు పైగా గ్రామాల లెక్కలు తీసిన మరో అధ్యయనం 2009లో వచ్చింది. సముద్రానికీ ఊరికీ మధ్య మడ అడవి వెడల్పుగా ఉన్నచోట ప్రాణనష్టం తక్కువని అది తేల్చింది.

అలాంటి రక్షణకు టికెట్ ఉండదు, రసీదు రాదు. అందుకే అడవిని కొట్టేసి ఇంకేదైనా కడదామనుకున్నప్పుడు లాభనష్టాల పట్టికలో అడవి వైపు గడి ఖాళీగా ఉండిపోతుంది. రొయ్యల చెరువుల జోరు పెరిగిన 1990లలో తీరమంతా ఇదే కథ. 2020లో కాకినాడ దగ్గర మడ నేలను ఇళ్ల స్థలాల కోసం చదును చేయడం వివాదమై, జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. పేదవాడికి ఇల్లు కావాలి, నిజమే. ఆ ఇంటికి తుపాను నుంచి కాపలా కూడా కావాలి. ఖాళీ గడిలో ఏదో ఒక అంకె వేయాలని సర్వేలవాళ్లు పట్టుబట్టేది ఇందుకే.

చూడనిదానికీ విలువే!

ఇంతవరకూ చూసినవాళ్లు, అక్కడ బతికేవాళ్లు. జన్మలో కోరంగి ముఖం చూడనివాళ్ల మాటేమిటి? ఉరవకొండలో మగ్గం గుంటలో కూర్చున్న అవ్వకు ఆ మడ అడవితో సంబంధం ఏముంటుంది?

ఉంటుందనే అంటారు ఆర్థికవేత్తలు. 1989 మార్చి 24న అలాస్కా తీరంలో ఎక్సాన్ వాల్డెజ్ అనే ఓడ బండరాళ్లకు గుద్దుకుంది. కోటి గ్యాలన్లకు పైగా ముడిచమురు సముద్రం పాలైంది. పక్షులు, సీళ్లు, నీటికుక్కలు చచ్చిపోయాయి. అలాస్కా ఎన్నడూ చూడని అమెరికన్లను, ఇలాంటి ప్రమాదం మళ్లీ జరగకుండా చూసేందుకు మీ కుటుంబం ఎంత చెల్లిస్తుందని సర్వే బృందం అడిగింది. మధ్యస్థంగా ఇంటికి 31 డాలర్లు తేలింది. దేశం మొత్తానికి లెక్కేస్తే 280 కోట్ల డాలర్లు! 'ఉందన్న తృప్తి'కి కట్టిన వెల అది. ఊరికే నోటిమాటగా చెప్పిన అంకెల్ని నమ్మొచ్చా అని పెద్ద దుమారమే రేగింది. చివరికి నోబెల్ గ్రహీతలు కెన్నెత్ ఆరో, రాబర్ట్ సోలో నాయకత్వంలో నిపుణుల సంఘం కూర్చుని 1993లో తీర్పు చెప్పింది. జాగ్రత్తగా అడిగితే నమ్మొచ్చంది. ఎదురుగా కూర్చుని మాట్లాడాలి. అంకె చెప్పమనకుండా, 'ఇంత చెల్లించాల్సి వస్తే అవునంటారా, కాదంటారా?' అని అడగాలి. ఆ డబ్బు పోతే ఇంట్లో వేరే ఏ ఖర్చు తగ్గుతుందో గుర్తు చేయాలి.

జింక ఎవరిది?

ఇదంతా సముద్రం ఒడ్డు గొడవ, మెట్ట ప్రాంతం వాళ్లకెందుకు అనిపించొచ్చు. కానీ ఉరవకొండ, విడపనకల్లు, బెళుగుప్ప మండలాల నల్లరేగడి పొలాల్లోకి తొంగిచూస్తే అదే కథ ఇంకో రూపంలో కనిపిస్తుంది. ఇక్కడ మడ చెట్టు బదులు కృష్ణజింక.

రోడ్డు మీద కారులో వెళ్లేవాళ్లకు ఆ మంద కనిపిస్తే పండగే. పిల్లలు కిటికీలోంచి వేళ్లు చూపిస్తారు, పెద్దవాళ్లు ఫోన్లు తీస్తారు. అదే మంద రాత్రికి శనగ చేలో పడితే రైతు గుండెలో రాయి పడుతుంది. మొలకలు తినేస్తాయి, తిన్నంత తొక్కేస్తాయి. చేను చుట్టూ పాత చీరలు కట్టి, చలిలో రాత్రంతా కాపలా కాసినా గింజ ఇంటికి చేరుతుందని భరోసా లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం కృష్ణజింకను వేటాడటం పెద్ద నేరం. పైగా అది ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కూడా. కాపాడుకోవాల్సిందే. కాకపోతే ఆ కాపాడే ఖర్చు ఎవరి జేబులోంచి పోతోంది?

కారులో వెళ్లేవాణ్ని అడిగితే జింకకు ఓ విలువ చెబుతాడు. రైతును అడిగితే నష్టం చెబుతాడు. ఎక్కడో ఊళ్లో కూర్చుని జింకలు బతికుండాలని కోరుకునేవాళ్లు లక్షల మంది ఉంటారు. ముగ్గురి మాటా నిజమే. ముగ్గురినీ అడిగితే గానీ ఒక సంగతి బయటపడదు. చూసేవాళ్ల సంతోషానికి, చూడనివాళ్ల తృప్తికి, బిల్లు కడుతున్నది ఒక్క రైతే. కోరంగిలో వేట మీద ఆంక్షలు పెట్టినప్పుడు మత్స్యకారుడిదీ ఇదే పరిస్థితి. సరైన సర్వే చేస్తే రైతుకు, మత్స్యకారుడికి దక్కాల్సిన పరిహారం దయాదాక్షిణ్యాల మాట కాదని, మిగతావాళ్లంతా బాకీపడిన సొమ్మని తేలుతుంది.

ఉరవకొండకు దగ్గర్లోనే పెన్న అహోబిలం. నృసింహస్వామి పాదముద్ర ఉందని భక్తులు నమ్మే ఆ క్షేత్రం పక్కనుంచే పెన్న పారుతుంది. ఈ కరవు నేల మీదుగా కడప దాటి, నెల్లూరు జిల్లాలో సముద్రాన్ని చేరుతుంది. ఎండిన ఇసుకలో నడిచేవాళ్లకు ఈ దారి చివర సముద్రం ఉందన్న సంగతే గుర్తుకు రాదు. ఉంది. ఆ ఒడ్డున అడవి ఉంటే దాని చాటున ఊళ్లుంటాయి. ఈ ఒడ్డున రైతు ఓర్చుకుంటేనే జింకలుంటాయి. వజ్రానికి ధర కట్టడానికి వ్యాపారి ఒక్కడు చాలు. వీటికి ధర కట్టాలంటే మాత్రం అందరినీ అడగాలి. ముందుగా అడగాల్సింది, నష్టపోతున్నవాణ్ని.