ఆమెకు పది బొమ్మలు.. ఆయనకు బొటనవేలు!

తెలుగిళ్ల వాట్సప్‌లో ఎమోజీల ముచ్చట

చింతాద్రిపేట: ఆదివారం పొద్దున్నే చింతాద్రిపేట చేపల మార్కెట్లో సంచి పట్టుకుని ఫోన్‌లోకి చూస్తున్న మగవాళ్లను ఒకసారి గమనించండి. ఇంటి నుంచి వచ్చిన మెసేజ్‌లో చేప బొమ్మ, రొయ్య బొమ్మ, ఓ నవ్వు ముఖం, ఆఖర్న చేతులు జోడించిన దణ్ణం.. ఇలా వరసగా ఉంటాయి. అయ్యగారి నుంచి తిరిగి వెళ్లేది మాత్రం ఒక్కటే. పైకెత్తిన బొటనవేలు! వంజరం తెస్తాడా, ధర విని సంకరకు దిగిపోతాడా అన్నది ఆ వేలు చెప్పదు. ఇల్లాలు మళ్లీ ఫోన్ చేసి అడగాల్సిందే.

ఇది మన పేటకే పరిమితం కాదు. 183 దేశాల్లో లక్షా 34 వేల మందికి పైగా ఆండ్రాయిడ్ ఫోన్లు వాడేవారి మెసేజ్‌లను పరిశీలించిన ఓ అధ్యయనం 2018లో వెలువడింది. ఎమోజీలు ఎక్కువగా వాడేది ఆడవాళ్లేనని అందులో తేలింది. బొమ్మల వాడకాన్ని బట్టి పంపింది ఆడో, మగో కంప్యూటర్ చాలామటుకు పసిగట్టేసింది కూడా. అంతకుముందు 2000లో అమెరికాలో వచ్చిన మరో అధ్యయనం ఇంకో తమాషా చెప్పింది. ఆడవాళ్లు కూడా ఉన్న ఆన్‌లైన్ చర్చల్లోకి వచ్చేసరికి మగవాళ్లూ నవ్వు ముఖాలు పెట్టడం పెంచారట! షాపు గ్రూపులో బిర్రబిగుసుకుని ఉండే మనిషి, మరదళ్లున్న గ్రూపులో గులాబీలు పంచడం మనకు తెలియనిదా?

అక్షరం రాకున్నా..

చెన్నై తెలుగువాళ్ల ఇళ్లలో ఈ బొమ్మలకు మరో పని కూడా పడింది. 1734లో గవర్నర్ మార్టన్ పిట్ హయాంలో సుంకురామ తోటలో నేతగాళ్ల కోసం వెలసిన పేట ఇది. చిన్న తరిపేట, అంటే చిన్న మగ్గాల పేట అనే మాటే చింతాద్రిపేట అయిందంటారు. ఇక్కడ తెలుగు మాట ఇంకా వినిపిస్తుంది. అక్షరం సంగతే వేరు. 2006లో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చాక బడిలో తెలుగు చదువుకునే పిల్లలు ఇంకా పలచబడ్డారు. ఇంట్లో గలగలా తెలుగు మాట్లాడే పిల్లలే, నానమ్మ పంపిన తెలుగు మెసేజ్ చూసి నోరు వెళ్లబెడతారు.

మా ఇంట్లోనూ ఇదే తంతు. మా అమ్మకు టైపు చేయడం వచ్చిందంటే తెలుగులోనే. మా అన్న కూతురికి తమిళం, ఇంగ్లీషు తప్ప చదవడం రాదు. అందుకని రోజూ రాత్రి ఆ పిల్ల మాత్ర బొమ్మ, దాని పక్కన ప్రశ్నార్థకం పంపుతుంది. షుగరు మందు వేసుకున్నావా అని! అమ్మ ఓ దణ్ణం, ఓ ముద్దు ముఖం పెడితే వేసుకున్నట్టు. బదులు రాకపోతే ఫోన్ మోగుతుంది. మా అన్నయ్య కూడా అదే గ్రూపులో ఉన్నాడు. ఏడాది మొత్తంలో ఆయన పంపింది పుట్టినరోజు కేకు ఒకటి, మిగతావన్నీ బొటనవేళ్లే. ప్రేమ లేదని కాదు, చూశానని చెబితే చాలనుకుంటాడు.

నవ్వా? ఏడుపా?

చిక్కంతా కన్నీళ్లు కారుస్తూ నవ్వే ముఖంతోనే. 2015లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు వాళ్లు ఆ ఏటి మాటగా ఎంచుకున్నదీ దాన్నే. గూడూరులో దగ్గరి బంధువు పోయిన కబురు గ్రూపులో పడగానే, మా మేనమామ కన్నీళ్లు చూసి ఏడుపనుకుని అదే ముఖం మూడుసార్లు పెట్టాడు. ఆడవాళ్లకు వెంటనే తెలిసిపోయింది. మా పిన్ని ఫోన్ చేసి తీయించేలోపే అవతలివాళ్లు చూసేశారు. పెద్దకర్మ దాకా రెండిళ్ల మధ్య మాటల్లేవు.

ఇదే ముఖం కోర్టు మెట్లూ ఎక్కింది. బీఎస్ఎన్ఎల్ ఉద్యోగుల వాట్సప్ గ్రూపులో ఓ మహిళా అధికారి పెట్టిన వీడియోకు కొందరు సహోద్యోగులు ఈ నవ్వు ముఖాలు జత చేశారు. తనను అవమానించారని ఆమె ఫిర్యాదు చేయడంతో కేసు నమోదైంది. ఎమోజీ పెట్టడం తమ భావాన్ని తెలపడమేనంటూ మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం 2018లో ఆ కేసును కొట్టేసింది. చట్టం సంగతి అలా ఉంచితే, పదిమంది మగవాళ్లు వరసగా నవ్వుతుంటే ఒక్క ఆడమనిషికి ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

బొటనవేలూ తక్కువదేం కాదు. కెనడాలో అవిసె గింజల ఒప్పందం ఫొటో పంపితే ఓ రైతు ఆ వేలు పెట్టాడు. సరుకు మాత్రం ఇవ్వలేదు. అది సంతకంతో సమానమేనని 2023లో అక్కడి కోర్టు తేల్చి, 82 వేల డాలర్లకు పైగా కట్టమంది. ఫోన్‌లోనే ఆర్డర్లు తీసుకునే మన వ్యాపారులు ఓసారి చూసి నొక్కడం మంచిది.

మామయ్య ఇప్పుడు చావు కబురొస్తే బొమ్మల జోలికి పోవడం లేదు. నేరుగా ఫోన్ చేసి మాట్లాడతాడు. పెళ్లి కబురుకు మాత్రం మళ్లీ బొటనవేలే!