మనసు డాక్టర్ కావాలంటే...

ఫిల్మ్‌నగర్ సినిమా 'నాగవల్లి' (2010)లో వెంకటేష్ సైకియాట్రిస్టు. ఆ వృత్తికి ముందు ఎంబీబీఎస్ చదవాలి. క్లినికల్ సైకాలజిస్టు దారి వేరు. సైకాలజీ ఉన్న డిగ్రీ, ఆపైన పీజీ, తర్వాత భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) గుర్తించిన క్లినికల్ శిక్షణ, రిజిస్ట్రేషన్. ఒక్క బీఏ పట్టాతో బోర్డు పెట్టుకుంటే కుదరదు.

షూటింగులు చేసుకుంటూనే జూబ్లీహిల్స్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో చదివేద్దామనుకుంటున్నారా? దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో కొత్తగా సైకాలజీ ప్రవేశాలు వద్దని 2025లో యూజీసీ ఆదేశించింది. కాబట్టి రెగ్యులర్ కాలేజీయే మేలు.

చేరేముందు ఫీజు ఒక్కటే అడిగి ఊరుకోకండి. 'ఈ డిగ్రీతో ఆర్‌సీఐ శిక్షణ దాకా వెళ్లొచ్చా?' అనీ అడగండి. మూడేళ్లు చదివాక 'కుదరదు' అని తెలిస్తే, పోయేది పిల్లల కాలమే!