పాత ఇల్లు కొంటున్నారా? గోడ మొదళ్లు చూడండి



పోయిన వర్షాకాలంలో ఒక ఏడేళ్ల పాప ఆయాసంతో, పిల్లికూతలతో మా వార్డుకు మూడుసార్లు వచ్చింది. నెబ్యులైజర్ పెడితే తేరుకునేది. ఇంటికి వెళ్లిన వారానికే మళ్లీ వచ్చేది. మూడోసారి తల్లిని అడిగాను, "పాప ఎక్కడ పడుకుంటుందమ్మా?" అని. "గోడ వారన మంచం మీదండీ. పాత ఇల్లు ఎండాకాలంలో కొన్నాం. అప్పుడు రంగులేసి అద్దంలా ఉంది. వానలు పడ్డాక గోడంతా చెమ్మెక్కింది" అంది. బంగారం అమ్మి కొన్న ఇల్లది. మంచం పొడిగా ఉన్న గదిలోకి మార్చి, డాక్టరుగారు రాసిన ఇన్‌హేలరు మానకుండా వాడాక పాప కుదుటపడింది.

చెమ్మ ఉన్న చోట బూజు పెరుగుతుంది. దాని కంటికి కనబడని పొడి గాలిలో కలిసి ఊపిరితిత్తులకు చేరుతుంది. చెమ్మ ఇళ్లలో ఉండేవారికి దగ్గు, పిల్లికూతలు, ఉబ్బసం ముప్పు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే చెప్పింది.

చెమ్మ ఎలా ఎక్కుతుంది?

మనది కొల్లేటి పల్లం. చుట్టూ వరిచేలు, కాలువలు, చేపల చెరువులు. తవ్వితే నీరు పైపైనే ఉంటుంది. దీపపు వత్తి నూనె పీల్చినట్టు ఇటుక ఆ తేమను పైకి లాగుతుంది. దాన్ని ఆపడానికి ఇప్పుడు బేస్‌మెంట్ మీద కాంక్రీటు పొర వేస్తున్నారు. చాలా పాత ఇళ్లకు అది లేదు. పైగా రోడ్డు వేసిన ప్రతిసారీ వీధి మెరకై ఇల్లు పల్లమవుతోంది.

కొనేముందు చూడవలసినవి

1. ఎండాకాలంలో ఒకసారి చూసినా, వానల తర్వాత మరొకసారి చూడండి.
2. గోడ అడుగున మూడడుగుల మేర తెల్లని ఉప్పు, పెచ్చులు, డొల్ల శబ్దం ఉన్నాయేమో గమనించండి. కింద మాత్రమే కొత్త రంగు ఉంటే ఎందుకని అడగండి.
3. బీరువా జరిపించి వెనక చూడండి. మూసి ఉన్న గది తెరిపించి వాసన చూడండి.
4. గోడకు ప్లాస్టిక్ కాగితం నాలుగువైపులా అంటించి ఒక రోజు ఉంచండి. గోడవైపు నీటి చుక్కలు పడితే చెమ్మ గోడలోదే.
5. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు ఇక్కడికి నీళ్లు ఎంతవరకు వచ్చాయో ఇరుగుపొరుగువారిని అడగండి.
6. తడి గోడ మీద స్విచ్‌బోర్డు ఉంటే కరెంటు షాకు ప్రమాదం. ముట్టుకోకుండా ఎలక్ట్రీషియన్‌కు చూపించండి.

ఇప్పటికే కొన్నవారు

మంచాన్ని గోడకు అడుగు దూరం జరపండి. కిటికీలు తెరవండి. తడిబట్టలు గదిలో ఆరవేయకండి. వాన నీరు గోడ మొదట నిలవకుండా కాలువ తీయించండి. గట్టి సిమెంటు పూస్తే చెమ్మ పోదు, ఇంకా పైకెక్కుతుంది. బూజును పొడిగా దులపక సబ్బునీటి గుడ్డతో తుడవండి. ఉబ్బసం ఉన్నవారు ఆ పని చేయవద్దు. చెమ్మ వల్ల క్షయ రాదు గాని, రెండు వారాలు దాటిన దగ్గును "ఇల్లు చెమ్మ" అని సరిపెట్టుకోక కళ్లె పరీక్ష చేయించుకోండి.

లేవీయకాండము 14వ అధ్యాయం తీసి చూడండి. గోడలో మచ్చ కనబడితే యాజకుడు ఇల్లు ఏడు రోజులు మూయించి, మళ్లీ వచ్చి చూసేవాడు. మచ్చ పెరిగితే ఆ రాళ్లు తీయించి, గోడ గీయించేవాడు. పైన రంగు వేసి కప్పమని మాత్రం అక్కడ లేదు. మనమూ రెండుసార్లు చూసి కొందాం.

దేవుడు మీ గృహములను, మీ బిడ్డలను కాపాడును గాక.

– నర్సింగ్ సూపరింటెండెంట్