సిగ్గుపడితే జబ్బు పోదు

"అమ్మ పుణెల ఉన్నది, నాయనమ్మకు ఎట్ల చెప్పాలె అక్కా?" అంది మా పక్కింటి పదో తరగతి పిల్ల. తెల్లబట్ట, దురద. రెండు నెలలుగా లోలోపలే కుమిలిపోయిందట. చివరికి చెప్పుకున్నది తోటి స్నేహితురాలితో. ఆ అమ్మాయే చేయి పట్టుకుని నా దగ్గరికి తీసుకొచ్చింది.

అమ్మానాన్నలు వలసపోయే మా పాలమూరులోనైనా, పక్కనున్న నల్లగొండలోనైనా ఈడొచ్చిన పిల్లల సందేహాలు ముందు చేరేది తోటివారి చెవికే. ఆ తోటివారికే సరైన సంగతులు నేర్పితే? 2014లో కేంద్రం మొదలుపెట్టిన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం ఆలోచన ఇదే. ఊరికి ఇద్దరు అమ్మాయిలను, ఇద్దరు అబ్బాయిలను 15-19 ఏళ్ల వారిలోంచి ఎంచి శిక్షణ ఇవ్వాలన్నది పథకం. వీళ్లను 'సాథియా' అంటారు, అంటే నేస్తం. నెలసరి, సుఖవ్యాధులు, చిన్నవయసు పెళ్లిళ్ల గురించి తోటివారితో మాట్లాడటం, అవసరమైతే ఆసుపత్రికి పంపడం వీళ్ల పని.

నెలసరికి ముందు కాస్త తెల్లబట్ట సహజమే. దురద, దుర్వాసన ఉంటే మాత్రం డాక్టరుకు చూపించాలి. మా పిల్లకు వారం మందులతో తగ్గింది. ఎయిడ్స్ గురించిన సందేహాలకు 1097కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు.

తల్లులూ, పిల్ల అడిగితే "ఛీ, అవేం మాటలు" అనకండి. మనం నోరు నొక్కితే అది మరెక్కడో అడుగుతుంది. అక్కడ తప్పు జవాబు దొరికితే నష్టం మన పిల్లకే కదా!